తాజా బెర్రీల విపణి: పెరుగుదలకు కారణాలు, రైతు కుటుంబాలు గమనించవలసిన విషయాలు

రెండు మూడు దశాబ్దాల క్రితం మన సరిహద్దు జిల్లాల పండ్ల అంగళ్లలో స్ట్రాబెర్రీ కనబడటం అరుదు. నేడు శీతకాలం రాగానే చిన్న పట్టణాలలో సైతం అది పెట్టెలలో అమ్మకానికి వస్తున్నది. నగరాలలో బ్లూబెర్రీ కూడ దొరుకుతున్నది. దీనితోపాటు "ఎకరం స్ట్రాబెర్రీ వేస్తే లక్షలు" అన్న మాట కూడ పల్లెలలో వినవస్తున్నది. అప్పు తెచ్చి మొక్క నాటే ముందు, ఈ విపణి ఏ కారణాలవలన పెరిగినది, మంచి ధర ఎవరికి, ఎప్పుడు దక్కుతున్నది అన్న విషయాలు తెలిసికొనడం ప్రతి కుటుంబానికీ అవసరం.

బెర్రీ అనగానేమి?

వృక్షశాస్త్రం ప్రకారం ఒక పుష్పపు అండాశయం నుంచి ఏర్పడి, గట్టి టెంక లేకుండ కండ నిండి ఉండే పండును మృదుఫలం అంటారు. ద్రాక్ష, టమాట, వంకాయ, మిరప ఈ తరగతికి చెందినవే. బ్లూబెర్రీ కూడ అంతే. స్ట్రాబెర్రీ మాత్రం నిజానికి మృదుఫలం కాదు. మనం తినే ఎర్రని కండ ఉబ్బిన పుష్పాసనం. దానిపై గింజలవలె కనిపించేవే అసలు ఫలాలు. రాస్ప్‌బెర్రీ అనేక చిన్న టెంక పండ్లు అతుక్కొని ఏర్పడిన సంకలిత ఫలం.

విపణి ఈ భేదాలను పాటించదు. స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ అనే నాలుగింటినీ ఒకే వర్గంగా చూస్తుంది. అన్నీ చేతితో సున్నితంగా కోయవలసినవి, త్వరగా చెడిపోయేవి. మామిడిని, అరటిని కాయగా కోసి మగ్గబెట్టవచ్చును. స్ట్రాబెర్రీ కోసిన తరువాత తీపి పెరగదు. కనుక పండిన తరువాతనే కోయాలి. కోసిన వెంటనే అమ్మాలి.

చల్లదనమే ప్రాణం

స్ట్రాబెర్రీని 0 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచినప్పటికీ సుమారు వారం రోజులే నిలుస్తుంది. రాస్ప్‌బెర్రీ రెండు నుంచి అయిదు రోజులకు మించదు. బ్లూబెర్రీ రెండు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ ఆగుతుంది. దూరదేశాల వ్యాపారంలో బ్లూబెర్రీ ముందుండటానికి ఈ నిలువ గుణం ఒక ముఖ్య కారణం.

కోసిన పండును గంటలోపుగా చల్లబరచడం ఉత్తమం. ఆలస్యమైనకొద్దీ పండు మెత్తబడి, బూడిద రంగు బూజు సోకుతుంది. ఒక పండుకు సోకిన బూజు పక్క పండ్లకు వ్యాపిస్తుంది. అందువలన తోట వద్దనే చల్లని గాలిని పండ్ల పెట్టెల గుండా పంపే గది, అక్కడినుంచి శీతల వాహనం, అంగడిలో శీతల అర ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన వాటికి పెట్టిన ఖర్చు వ్యర్థమవుతుంది.

మూతగల పారదర్శకమైన చిన్న పెట్టె కూడ ఈ విపణికి ఎంతో సహాయపడినది. కోసేవారు పండును తోటలోనే నేరుగా పెట్టెలో వేస్తారు. కొనేవారి చేతికి చేరేవరకు మరి ఎవరూ ఆ పండును తాకనవసరం లేదు.

పెరూ దేశపు ఉదాహరణ

బ్లూబెర్రీ ఒకప్పుడు ఉత్తర అమెరికా అడవులలో ఏరుకొనే పండు. న్యూజెర్సీ రాష్ట్రంలో ఎలిజబెత్ వైట్ అనే మహిళ, ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త కలిసి మేలైన అడవి మొక్కలను ఎంపికచేసి, సంకరపరచి, 1916లో తొలి వాణిజ్య పంటను అమ్మకానికి తెచ్చారు. ఆ జాతులకు శీతకాలంలో వందల గంటల చలి కావలసి ఉండేది. కనుక ఆ పంట చలి ప్రాంతాలకే పరిమితమైనది. తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రాలలోని పరిశోధకులు తక్కువ చలితో కాచే రకాలను రూపొందించారు.

ఆ రకాలను అందిపుచ్చుకొన్న దేశాలలో పెరూ ముఖ్యమైనది. దాని తీర ప్రాంతం ఎడారి. ఆండీస్ పర్వతాల నదీజలాలను కాలువల ద్వారా తెచ్చి, ఇసుక నేలలలో బిందు సేద్యంతో బ్లూబెర్రీ పెంచారు. 2010 ప్రాంతంలో పెరూ ఎగుమతి నామమాత్రమే. పదేళ్లలోపే, 2019 నాటికి, అది చిలీని దాటి తాజా బ్లూబెర్రీ ఎగుమతిలో ప్రపంచంలో ప్రథమ స్థానానికి చేరినది.

ఈ విజయానికి మూలం కాలగణన. అక్కడ తీవ్రమైన శీతకాలం లేనందున, కత్తిరింపుల ద్వారా కాపు సమయాన్ని రైతు నిర్ణయించవచ్చును. ఉత్తర దేశాలలో పంట ముగిసి, చిలీ పంట ఇంకా పూర్తిగా రాని సెప్టెంబరు నుంచి నవంబరు వరకు గల నెలలను పెరూ ఎంచుకొన్నది. సరకు తక్కువగా ఉండే ఆ వారాలలో దానికి మంచి ధర దక్కినది.

అయితే ఈ పద్ధతికీ ప్రమాదం తప్పలేదు. 2023లో సముద్రజలాలు వేడెక్కి, తీరంలో ఉష్ణోగ్రతలు పెరగడంతో దిగుబడి బాగా తగ్గినది. దూరదేశాల అంగళ్లలో బ్లూబెర్రీ ధర పెరిగినది. కాని పంట పోయిన రైతుకు ఆ ధర వలన ప్రయోజనం ఏముంటుంది?

మన దేశంలో: మహాబలేశ్వరం

భారతదేశపు స్ట్రాబెర్రీలో అత్యధిక భాగం మహారాష్ట్రలోని సాతారా జిల్లా మహాబలేశ్వరం, పాంచగణి ప్రాంతం నుంచి వస్తున్నది. సముద్రమట్టానికి సుమారు 1,300 మీటర్ల ఎత్తున గల ఈ కొండ ప్రాంతపు స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. విదేశాలనుంచి తెచ్చిన తల్లి మొక్కల తీగలనుంచి వానకాలంలో నారు పెంచి, వానలు తగ్గుముఖం పట్టినప్పుడు ఎత్తు మడులపై నాటుతారు. నవంబరు ప్రాంతంలో కోత మొదలై ఏప్రిల్ వరకు సాగుతుంది. కాపు తొలి వారాలలో ధర ఎక్కువ. ఫిబ్రవరి, మార్చి నెలలలో సరకు వెల్లువెత్తగా ధర పడిపోతుంది.

అయినను అక్కడి రైతు నిలబడటానికి రెండు ఆధారాలున్నవి. ఒకటి, పర్యాటకుల రాక. రెండవది, జామ్, పండ్ల రసం తయారుచేసే కర్మాగారాలు. ఆకారం చెడినవి, చిన్నవి, మిగిలినవి అక్కడికి చేరుతాయి. ఇతర ప్రాంతాలలో స్ట్రాబెర్రీ వేసేవారు మహాబలేశ్వరపు దిగుబడిని చూస్తారు గాని, ఈ రెండు ఆధారాలను మరచిపోతారు.

మన ప్రాంతాలకు గల సంబంధం

ఆంధ్రప్రదేశ్‌లో ఒడిశా సరిహద్దుకు చేరువగా ఉన్న లంబసింగి కొండలలో కొన్నేళ్లుగా స్ట్రాబెర్రీ సాగవుతున్నది. పొగమంచు చూడవచ్చే పర్యాటకులు తోట వద్దనే పండ్లు కొనుగోలు చేస్తున్నారు. దూరపు అంగడికి పంపే బాధ, ఖర్చు ఆ మేరకు తగ్గుతున్నవి. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో కూడ ఈ పంటను వేస్తున్నారు.

తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతానికి ఈ వ్యాపారంతో మరొక విధమైన సంబంధమున్నది. బ్లూబెర్రీకి ఆమ్లగుణం గల నేల, అనగా ఉదజని సూచిక 4.5 నుంచి 5.5 వరకు గల నేల కావాలి. అట్టి నేల లేనిచోట అనేక దేశాలలో కొబ్బరి పొట్టు నింపిన కుండీలలో పెంచుతున్నారు. శుద్ధిచేసిన ఆ పొట్టు పొల్లాచ్చి వంటి ప్రాంతాలనుంచి విదేశాలకు వెళుతున్నది. బెర్రీ పండించకుండనే బెర్రీ విపణిలో పాలుపంచుకొనడానికి ఇది చక్కని ఉదాహరణ.

దిగుమతుల విషయం కూడ గమనార్హం. 2023లో అమెరికాతో కుదిరిన అంగీకారాన్ని అనుసరించి, తాజా బ్లూబెర్రీపై దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2024లో 30 శాతం నుంచి 10 శాతానికి తగ్గించినది. ఇక్కడ బ్లూబెర్రీ వేయదలచినవారు పొరుగు రైతుతోనే గాక, విదేశపు సరకుతో కూడ పోటీ పడవలసి ఉంటుంది.

నాటే ముందు వేసుకొనవలసిన లెక్కలు

మొదటిది, వారాల లెక్క. మన పంట ఏ వారాలలో వస్తుంది, అప్పటికి మహాబలేశ్వరపు సరకు అంగడిని ముంచెత్తి ఉంటుందా అన్నది చూడాలి. తొలి వారాల ధరను పట్టుకొని ఆరు నెలల ఆదాయాన్ని లెక్కించరాదు.

రెండవది, గంటల లెక్క. కోత మొదలుకొని కొనేవాని చేతికి చేరేవరకు ఎన్ని గంటలు, అందులో ఎన్ని గంటలు పండు ఎండలో ఉంటుంది అన్నది ముఖ్యం. శీతల సదుపాయం లేనివారు ఒక్క పూటలో అమ్ముడుపోయేంత మేరకే నాటడం మంచిది.

మూడవది, నారు లెక్క. ఎకరానికి 20 వేల మొక్కలకు పైగా పడతాయి. మొక్క ధర ఒక్క రూపాయి పెరిగినా ఎకరం ఖర్చు 20 వేల రూపాయలకు పైగా పెరుగుతుంది. పాత మొక్కల పిలకలనే ఏటేటా వాడితే తెగుళ్లు చేరి దిగుబడి తగ్గుతుంది. కొన్ని కొత్త రకాలపై వాటిని రూపొందించిన సంస్థలకు హక్కులున్నవి. వాటిని అనుమతి లేనిదే పెంచి అమ్మరాదు.

నాలుగవది, కూలి లెక్క. కాపు ముమ్మరంగా ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులకొకసారి చేతితో కోయాలి. అదే కాలంలో వరి కోతలో, మిరప కోతలో ఉంటే మనుషులు దొరకడం కష్టం.

అయిదవది, రెండవ రకం పండు లెక్క. అంగడి తిరస్కరించిన పండును ఎవరు కొంటారో నాటే ముందే నిశ్చయించుకొనాలి.

సరిహద్దు గ్రామాలవారు మరొక విషయం గుర్తుంచుకొనాలి. ఉద్యాన శాఖ రాయితీ మన ఇంటి భాషను బట్టి గాక, పొలం ఏ రాష్ట్రంలో ఉన్నదో దానిని బట్టి వస్తుంది. చెవిన పడిన పొరుగు రాష్ట్రపు పథకాన్ని నమ్ముకొని అప్పు చేయరాదు. మన జిల్లా ఉద్యాన కార్యాలయంలోను, కృషి విజ్ఞాన కేంద్రంలోను విచారించి, దరఖాస్తు కన్నడంలో, ఒడియాలో లేక తమిళంలో ఉన్నట్లయితే ఇంటిలోని చదువుకొన్న పిల్లలచేత చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం చేయాలి. తొలి ఏడు కొద్ది సెంట్లలో మాత్రమే నాటి, ప్రతి కోత తేదీని, తూకాన్ని, వచ్చిన ధరను ఒక పుస్తకంలో రాసిపెట్టుకొనాలి. మరుసటి ఏడు విస్తీర్ణం పెంచాలా, మానాలా అన్నది ఆ లెక్కలను చూసుకొని నిర్ణయించుకొనవచ్చును.