నాగజెముడు తొలగిన నేలపై పచ్చిక

చేలగట్లమీద కంచెగా మనకు సుపరిచితమైన నాగజెముడు మన నేలకు పుట్టినది కాదు. దాని జన్మభూమి అమెరికా ఖండము. ఈ జాతి మొక్కలపై బ్రదుకు కొచినీలు పురుగునుండి ప్రశస్తమైన ఎర్రరంగు లభించెడిది. ఆ రంగుపై ఆశతోనే 1788లో ఆంగ్లేయుల తొలి నౌకాబృందము బ్రెజిలునుండి ఒక జాతి జెముడును ఆస్ట్రేలియాకు కొనిపోయెను. తరువాత వచ్చిన జాతులను రైతులు కంచెలుగా నాటిరి. పక్షులు పండ్లు తిని విత్తులను వెదజల్లెను. వరదలు మట్టలను కొట్టుకొనిపోయెను. కంచె చేను మేసెను.

1925 నాటికి క్వీన్స్‌లాండు, న్యూ సౌత్ వేల్సు రాష్ట్రములలో జెముడు సుమారు 6 కోట్ల ఎకరములను ఆక్రమించెను. అందు సగభాగమున పశువు అడుగిడుటకైన చోటు లేదు. లోతులేని వేళ్లతో చిరుజల్లును సైతము అదియే పీల్చుకొనగా, గడ్డికి వెలుతురును తడియు కరవయ్యెను. నరికిన ప్రతి ముక్కయు వేరూని మరల మొలచెను. విషమందులు చల్లుదమన్న, నేల వెలకంటె ఖర్చే అధికము. పెక్కు కుటుంబములు ఇండ్లు విడిచి తరలిపోయిరి.

1925లో ఆలన్ డాడ్ అను కీటకశాస్త్రజ్ఞుడు అర్జెంటీనాలో కాక్టోబ్లాస్టిస్ అను చిమ్మట గుడ్లను సేకరించి ఆస్ట్రేలియాకు చేర్చెను. మరుసటి ఏట వాని సంతతిని పొలములలో విడిచిరి. గొంగళులు మట్టలను లోపలనుండి తొలిచివేయగా, కుళ్లు సోకి పొదలన్నియు కూలిపోయెను. 1933 నాటికి దట్టమైన జెముడు చాలవరకు నశించెను. బూనార్గా గ్రామవాసులు 1936లో తమ సభామందిరమునకు ఆ పురుగు పేరే పెట్టుకొనిరి.

అయితే పచ్చిక తనంతట వచ్చెనా? మనము గమనింపవలసినది ఇచటనే ఉన్నది. పురుగు జెముడును తినెను గాని గడ్డిని నాటలేదు. అచటి నేలలలో బ్రిగలో అను తుమ్మజాతి చెట్లు దట్టముగా ఉండెను. రైతులు వానిని కొట్టి, కాల్చి, ఆ బూడిదలో రోడ్స్ గడ్డి విత్తనములు చల్లిరి. పాడిపరిశ్రమ వెలసెను. కాని ఏమరియున్న చోట్ల బ్రిగలో వేళ్లనుండి పిలకలు లేచి మరల గడ్డిని అణచివేసెను.

మన చరిత్రయు ఇట్టిదే. 1926లో సింహళమునుండి తెచ్చిన ఒక కొచినీలు జాతి పురుగు కొలదియేండ్లలోనే దక్షిణదేశపు నాగజెముడును చాలవరకు హరించెను. కాని 1877లోనే కడప మండలమున కమలాపురమున నాటబడిన సర్కారు తుమ్మ తరువాతి కాలమున మన బీళ్లను, చెరువుగర్భములను ఆక్రమించెను. ఒక ముల్లు తొలగిన చోట మరియొక ముల్లు మొలచెను.

కావున కలుపును తొలగించుట పనిలో సగమే. ఖాళీయైన నేలకు కొంతకాలము మేతనుండి విశ్రాంతినిచ్చి, గడ్డి వేరూని విత్తు రాల్చువరకు మందలను ఆపి, మొలచిన పిలకను మొలచినట్లే పెరికిననే పచ్చిక నిలుచును. ఈ రెండవ సగమును ఏ పురుగును మనకొరకు చేసిపెట్టదు.