ఫార్మాట్ ఆల్ నొక్కే ముందు

నాంపల్లి మెట్రో మెట్లు దిగి, రైల్వే స్టేషన్ ముందు ఆటోలను తప్పించుకుంటూ అబిడ్స్ వైపు నడవండి. ఆదివారమైతే మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాల గుట్టలు కనిపించేవి. ఇవాళ మంగళవారం. జగదీష్ మార్కెట్లో అడుగు పెట్టగానే భుజాలు ముడుచుకుని నడవాలి, దారి అంత ఇరుకు. అద్దాల వెనక సెకండ్‌హ్యాండ్ ఫోన్లు, పైన వేలాడే పౌచ్‌లు, ఎక్కడో సోల్డరింగ్ పొగ వాసన.

లోపలి కౌంటర్ దగ్గర ఆగండి. మూడడుగుల బల్ల. దానిమీదే మైక్రోస్కోపు, హాట్ ఎయిర్ గన్, ల్యాప్‌టాప్. వెనక స్టూలు మీద ఫోన్లు బాగుచేసే భాయ్. మీ పక్కన ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. చార్జింగ్ పెట్టినా బ్యాటరీ గుర్తు కూడా రావట్లేదు.

“ఏం కొట్టినవ్ దీంట్ల?”

“వీడియో చూసి సాఫ్ట్‌వేర్ కొట్టిన భాయ్. నా మోడల్‌దే అనుకున్న. కాదట.”

“ఏ ఆప్షన్ పెట్టినవ్?”

“ఫార్మాట్ ఆల్.”

“బ్యాకప్?”

కుర్రాడు తల దించుకున్నాడు. భాయ్ చేతిలో ట్వీజర్ ఒక్క క్షణం ఆగింది.

అది మీడియాటెక్ చిప్ ఉన్న ఫోన్. దానికి సాఫ్ట్‌వేర్ వేసే ఎస్పీ ఫ్లాష్ టూల్‌లో ‘డౌన్‌లోడ్ ఓన్లీ’ అని పెడితే ఇచ్చిన ఫైళ్లు వాటి వాటి చోట్ల పడతాయి, అంతే. ‘ఫార్మాట్ ఆల్’ అంటే మెమరీ మొత్తం తుడుచుకుపోతుంది. ఎన్వీర్యామ్ అనే చిన్న భాగం కూడా అందులోనే పోతుంది. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐ, సిగ్నల్ పట్టుకోవడానికి కావాల్సిన క్యాలిబ్రేషన్ ఉండేది అక్కడే. ఆండ్రాయిడ్ పోతే మళ్లీ దొరుకుతుంది. ఈ కొద్దిపాటి సమాచారం ఫ్యాక్టరీలో ఈ ఒక్క ఫోన్ కోసం రాసింది, ఇంకే ఫోన్ నుంచీ తెచ్చుకోలేం. ముందే ఒక కాపీ తీసి పెట్టుకుని ఉంటే! ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

భాయ్ ప్లాస్టిక్ కార్డుతో వెనక మూత లేపి బ్యాటరీ స్ట్రిప్ ఊడదీసి మళ్లీ పెట్టాడు. రెండు వాల్యూమ్ బటన్లూ నొక్కిపట్టి కేబుల్ గుచ్చాడు. మీరూ వంగి ల్యాప్‌టాప్ తెర చూడండి. టింగ్. డివైస్ మేనేజర్‌లో ‘మీడియాటెక్ యూఎస్‌బీ పోర్ట్’ అని ఒక వరుస వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది.

“ఊపిరుంది,” అన్నాడు భాయ్.

అలా జవాబిచ్చింది చిప్ తయారైనప్పుడే అందులో చెక్కేసిన బూట్ రామ్. ఏ తప్పుడు ఫైలూ దాన్ని చెరపలేదు. ఇప్పుడు భాయ్ కుర్రాడి ఫోన్ డబ్బా మీది మోడల్ నంబరును అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాడు, ఫైలు పేరుతో పోల్చాడు, అప్పుడు గాని బటన్ నొక్కలేదు. కాసేపటికి లోగో వెలిగింది. కుర్రాడి ముఖమూ వెలిగింది. సిమ్ వేసి *#06# కొట్టాడు. ఐఎంఈఐ ఉండాల్సిన చోట ఖాళీ. సిగ్నల్ గీతల మీద అడ్డగీత.

“ఏదో ఒక నంబర్ ఎక్కించు భాయ్.”

“నహీ తమ్మీ. నువ్వు జైలుకు పోతవ్, నన్నూ తోల్కపోతవ్. డబ్బా, బిల్లు తీస్కొని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పో.”

భాయ్ బెదిరించడం లేదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఐఎంఈఐ లాంటి గుర్తింపు నంబర్లను మార్చితే మూడేళ్ల వరకు జైలు, లేదా 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

బల్ల చివర ఇందాకటి నుంచి ఒకమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది. పాత రెడ్‌మీ నోట్ 5 ప్రో. కొత్త అప్‌డేట్లు రాని ఫోన్‌కు కస్టమ్ రామ్, అంటే బయటివాళ్లు తయారు చేసిన సాఫ్ట్‌వేర్, వేసుకోవాలని వచ్చింది. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే డేటా అంతా పోతుందని ఫొటోలు ముందే దించుకుంది. ‘ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ’ అని టైప్ చేసింది. జవాబు: 4.

“కంపెనీ పాత రామ్ వెయ్యకు చెల్లే,” అన్నాడు భాయ్ తలెత్తకుండానే.

“తెలుసన్నా.”

2018లో ఈ మోడల్ వాడేవాళ్లు చాలామంది దెబ్బతిన్నది అక్కడే. ఆ 4 అనే అంకె పాత రామ్‌కు వెనక్కి పోకుండా పెట్టిన కాపలా; అప్‌డేట్‌తో పెరుగుతుంది గాని తగ్గదు. అంతకంటే తక్కువ అంకె ఉన్న పాత రామ్‌ను వెనక్కి కొడితే ఫోన్ ఇటుకే. కస్టమ్ రామ్ ఉండగా బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేసినా అంతే ప్రమాదం.

అన్‌లాక్ అయిన ఫోన్‌లో ఆమె కస్టమ్ రికవరీ తెరిచింది. అన్నిటికంటే ముందు ఈఎఫ్ఎస్, పర్సిస్ట్ అనే రెండు గడుల్లో టిక్ పెట్టింది. ఐఎంఈఐ, సెన్సర్ల లెక్కలు వాటిలోనే. బ్యాకప్‌ను ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. అది పూర్తయ్యాకే రామ్ ఫైలు ముట్టుకుంది.

కుర్రాడు ఆమె భుజం పక్కకు జరిగి, “అక్కా, ఆ రెండు పేర్లు ఇంకోసారి చెప్పవా?” అన్నాడు.

ఆమె చెబుతుంటే తన ఫోన్ డబ్బా మీదే రాసుకున్నాడు. ఆమె ఫోన్ బ్యాటరీ 78 శాతం. తెర మీద నీలం గీత మెల్లగా సాగుతోంది. భాయ్ టేబుల్ ఫ్యాన్ వైరును కాలితో పక్కకు జరిపాడు, ఆమె కేబుల్‌కు తగలకుండా.