మార్కాపురం జిల్లా ఏర్పాటు: సరిహద్దుల మార్పులో పౌరుల పాత్ర

ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతాన్ని వేరు చేసి ఏర్పాటు చేసిన మార్కాపురం జిల్లా 2025 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాల ప్రాంతం ఇందులో ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు నుంచి తెచ్చి కలిపారు. అప్పటి నుంచీ గిద్దలూరు వైపు రైతు ఒంగోలులోని కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే వంద కిలోమీటర్లకు పైగా బస్సు ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం ఉండేవి. ఫ్లోరైడ్ నీళ్లు, వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు కోసం దశాబ్దాల నిరీక్షణ ఆ దూరాన్ని మరింత భారం చేశాయి.

రాష్ట్రాల హద్దులు మార్చాలంటే రాజ్యాంగంలోని 3వ అధికరణ కింద పార్లమెంటు చట్టం చేయాలి. జిల్లాకు 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్ చాలు. అయితే ముందుగా ప్రతిపాదనను ప్రచురించి, అక్కడి నివాసుల అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. కొత్త జిల్లాల ఏర్పాటుకు రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో ప్రచురించిన ముసాయిదా ఇందుకు 30 రోజుల గడువు ఇచ్చింది. లోక్‌సభ నియోజకవర్గమే జిల్లాకు కొలమానమని అప్పటి ప్రభుత్వం చెప్పింది. మార్కాపురం ఒంగోలు లోక్‌సభ స్థానంలో ఉంది కాబట్టి జిల్లా రాలేదు. ఆ కొలమానం మాత్రం శిలాశాసనమేమీ కాదు. అరకు స్థానం రెండు జిల్లాలైంది, బాపట్ల లోక్‌సభ పరిధిలోని సంతనూతలపాడు ప్రకాశంలోనే ఉండిపోయింది. ఈ ప్రాంతంలో రిలే నిరాహార దీక్షలు, బంద్‌లు, వినతిపత్రాలు సాగినా అదే ఏడాది ఏప్రిల్ 4న అమలైన జాబితాలో మార్కాపురం లేదు.

చివరికి జిల్లా రావడం పౌరుల విజయం కాదు, ఎన్నికల బేరం అనేవారున్నారు. 2024 ప్రచారంలో చంద్రబాబు నాయుడు జిల్లా హామీ ఇచ్చిన మాట నిజమే. కానీ అడిగేవాళ్లు లేని చోట ఏ పార్టీ అయినా హామీ ఎందుకిస్తుంది? అర్జీతో కదలని ఫైలు ఓటు తోడైనప్పుడు కదిలింది. జనగణన కోసం 2025 చివర సరిహద్దుల మార్పులు నిలిపేయాల్సి ఉండడం ఆ కదలికకు తొందర తెచ్చింది. కలెక్టరేటు దగ్గరైతే నీళ్లొస్తాయా అన్నది ఇంతకన్నా బలమైన ప్రశ్న. రావు, వెలిగొండ ప్రాజెక్టు పూర్తయితేనే వస్తాయి. కానీ నీళ్ల గురించి అధికారిని నిలదీయడానికి అయ్యే ఖర్చు తగ్గుతుంది, పేదవాడికి అది చిన్న విషయం కాదు. అసలు లోపం చట్టంలో ఉంది: అభ్యంతరాలను పరిశీలించాలంటుందే తప్ప, తోసిపుచ్చినప్పుడు అర్జీదారుకు కారణం చెప్పాలనదు. ఆ ఒక్క నిబంధన చేరిస్తే, విన్నపం వినిపించడానికి తర్వాతి ఎన్నికల దాకా ఆగాల్సిన అవసరం తగ్గుతుంది.