కాగితము చుట్టిన తీపి

ఆహారచరిత్ర వ్రాయు పండితులు రాజుల వంటశాలలను వర్ణింతురు. దేవాలయముల నైవేద్యములను శాసనములనుండి లెక్కించి చూపుదురు. పావలా పెట్టి కొన్న మిఠాయిబిళ్ళకు చరిత్ర కలదని తలచువారు అరుదు. ఆ బిళ్ళను చప్పరించుచు అక్షరములు నేర్చినవాడను గనుక, దాని ఋణము కొంతయైనను తీర్చుకొనవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిని. పంతులుగారు పనిలేక బిళ్ళల పురాణము విప్పినారని చదువరులు నవ్వినచో, ఆ నవ్వులో నాకును పాలు కలదు.

1980ల చివరి సంవత్సరములలో, చిత్తూరునకు దాపుననున్న మా యూరి అంగడిలో తీపివస్తువులు రెండు జాతులుగా నుండెను. మొదటి జాతికి కాగితము లేదు. కమ్మరకట్టు, తేనెమిఠాయి, శెనక్కాయల ఉండ, నిమ్మతొనలు, ఇవన్నియు గాజుసీసాలలో దిగంబరములై యుండును. అంగడివాడు చేయి పెట్టి తీసి యిచ్చును. ఆ చేయి అంతకుముందు కిరసనాయిలు కొలిచినదో, పొగాకు తుంచినదో మేము విచారించెడివారము కాము. రుచిని బట్టి తెలియుచునే యుండెను. రెండవ జాతి, రెండు కొనలను మెలిపెట్టిన నిగనిగలాడు కాగితములో నొదిగియుండునది. ఆ జాతిలో మా జిల్లాకు స్వంతమైనది న్యూట్రిన్.

న్యూట్రిన్ కంపెనీని బి. వి. రెడ్డిగారు 1952లో చిత్తూరున స్థాపించిరి. మదరాసు, బొంబాయివంటి మహానగరములనుండి మా పల్లెలకు సరకు వచ్చుట యెరుగుదుము గాని, మా జిల్లా ముఖ్యపట్టణమునుండి దేశపు నలుమూలలకు సరకు పోవుట మాకు గొప్ప. ఆసే, కోకనాక, మహాలాక్టో అను నామములు అమరకోశమున వెదకినను దొరకవు. కాని మాలో అమరకోశము రానివానికిని ఇవి వచ్చును. తరువాతి కథ లోకసామాన్యమే: 2006లో ఆ కంపెనీని గోద్రెజ్ వారు కొనిరి, 2007లో అమెరికాదేశపు హెర్షీవారు వారితో పొత్తు కలిసిరి.

చిత్తూరు బెల్లమునకు చిరకాలముగా పేరున్నది గనుక తీపి మా నేలకు క్రొత్త కాదు. క్రొత్తది కాగితము. గట్టిబిళ్ళ చేయుటకు చక్కెరను గ్లూకోజు పాకముతో కలిపి, నీరు నూటికి రెండు మూడు పాళ్ళకు దిగువరకు, సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిని కాచుదురు. ముద్ద చల్లారుచుండగా పులుపును పరిమళమును చేర్చి, సాగదీసి, తునకలు చేయుదురు. నీరు లేనందున అది కుళ్ళదు. కాని గాలిలోని తేమను పీల్చి జిగటయగును. కాగితము చుట్టుటకు ఆ తేమయే ముఖ్యకారణము. కర్మాగారమువారు తేమను తలచి చుట్టిన కాగితము మా యూర వేరొక పని చేసినది.

ఆ పని తెలియవలెనన్న మా యవ్వను తెలిసికొనవలెను. మాది ఆపస్తంబసూత్రము. అంగట అమ్ము అన్నమును తినరాదని ఆ సూత్రకారుని శాసనము. మా యవ్వ సూత్రము చదువలేదు. అయినను ఆపస్తంబుడు ఆమె వంటింటి గడపలోనే కూర్చుండి యున్నట్లుండెను. బిస్కత్తు నిషిద్ధము, అందు కోడిగ్రుడ్డు కలుపుదురను అనుమానముచేత. గోల్డ్ స్పాట్ అను నారింజరంగు పానీయము నిషిద్ధము, ఆ సీసా మూతిని అంతకుముందు ఎవరి నోరు తాకినదో తెలియదు గనుక. (ఆ పానీయమును, 1993లో దాని యజమానులు తమ సరకులను కోకకోలావారి కమ్మిన పిమ్మట, లోకమే వదలుకొనినది; మా యవ్వ ముందే వదలెను.) కాగితము చుట్టిన బిళ్ళకు మాత్రము అనుమతి కలదు. అంగడిలో అమ్మకమునకు పరచిన సరకును, పనివాని చేతిని ఎల్లప్పుడు శుద్ధములుగా నెంచవలెనని మనుస్మృతి అయిదవ అధ్యాయమున నున్నది. ధర్మశాస్త్రమునకు సందులుండుట వింత కాదు. ఆ సందులో సరిగా పట్టునంత బిళ్ళ చిత్తూరులో తయారగుటయే వింత.

ఆ బిళ్ళకు నాణెముల కొరత మరింత గౌరవము తెచ్చినది. చిల్లర లేని అంగడివాడు పైసలకు బదులు బిళ్ళలిచ్చును; బిళ్ళలు తెచ్చి పైసలకు బదులు తీసికొమ్మన్నచో మాత్రము ఆగ్రహించును. 2011 జూన్ 30తో పావలా నాణెమే చెల్లుబాటు కోల్పోయినది. బిళ్ళ చెల్లుబాటు కోల్పోలేదు.

నేను చెప్పదలచిన సంగతి ఇప్పుడు వచ్చుచున్నది. అదే అంగడి ప్రక్కన టీ కాచు పాక యుండెను. అందు రెండు రకముల గ్లాసులు. ఊరివారి గ్లాసులు బల్లపై బోర్లించి యుండును. ఆ కాలమున హరిజనవాడ యని పిలువబడిన వాడవారి గ్లాసులు గుంజకు కొట్టిన మేకులకు వ్రేలాడును. 1955నాటి అస్పృశ్యతా నేరముల చట్టము ఆ మేకులను ఊడబెరుకలేదు. బిళ్ళల సీసా మాత్రమొక్కటే. అందులోనుండి అందరి పిల్లలకును ఒకే బిళ్ళ వచ్చును. స్వాతంత్ర్యదినమున మా బడిలో పంచినప్పుడు, ఎవడు పంచెనని ఎవరును అడుగరు.

మా జిల్లాలో ఇట్టి స్వేచ్ఛ అంతకుముందు ఒక్క తిరుమల లడ్డుకే కలదు. కొండనుండి వచ్చిన ప్రసాదమును ఏ చేయి యిచ్చినను కన్నుల కద్దుకొందురు. 2022లో తిరుపతి వేరు జిల్లాయైనది గాని, అంతవరకు లడ్డును బిళ్ళయు ఒకే జిల్లా సరకులు. అయితే ప్రసాదమునకున్న స్వేచ్ఛ దానిని తినువారికెల్ల లేకుండెను. అస్పృశ్యులనబడినవారికి గుడితలుపులు తెరచుట మద్రాసు రాష్ట్రమున 1947నాటి ఆలయప్రవేశ చట్టముతో గాని స్థిరపడలేదు. సంస్కర్తలు సహపంక్తిభోజనములు పెట్టి నిందలు పడిరి. వారు విస్తరివేసి సాధింపబూనినదానిని ఒక కాగితపుముక్క నిశ్శబ్దముగా సాధించెనని చాలకాలము నేను నమ్మియుంటిని. పిల్లలకు పాఠముగ కూడ చెప్పియుంటిని.

ఇప్పుడట్లు చెప్పుటకు నోరాడదు. నా తరగతిలో ఆ వాడనుండి వచ్చు బాలుడొకడు నా ప్రక్కనే కూర్చుండెడివాడు. తన పుట్టినదినమున నాకు రెండు బిళ్ళలిచ్చెను. ఒకటి బడిలోనే తింటిని. రెండవదానితో ఇంటికి పోగా అవ్వ చూచెను.

“ఎవురిచ్చినారు?”

చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించెను.

“కాగితం చుట్టుండాదా?”

“చుట్టుండాది అవ్వా.”

“అట్లయితే తిను. కాగితం మాత్రం వాకిట్లోనే పారెయ్యి.”

ఆనాడు ఇది మా యవ్వ ఔదార్యమని సంతోషించితిని. మైల కాగితమునకు అంటినది, తీపికి అంటలేదు, ఆమె మడియు నిలిచినది, నా బిళ్ళయు దక్కినది. ఆ కాగితము మా యిద్దరి నడుమ గోడను కూల్చలేదనియు, గోడకు కిటికీ మాత్రము పెట్టెననియు తెలియుటకు సంక్రాంతి రావలసి వచ్చెను.

పండుగ మరునాడు ఆ బాలుడు వాళ్ళమ్మ చేసిన బొరుగుల ఉండను పాత వార్తాపత్రికలో చుట్టి నాకు తెచ్చియిచ్చెను. అదియు కాగితమే. కాని లోపలి ఉండను వెచ్చని బెల్లపుపాకములో తడిచేతులతో చుట్టినదెవరో నాకు తెలియును. అవ్వ అచ్చట లేదు, నిషేధించువారెవరును లేరు. అయినను నేను దానిని సంచి అడుగున, ఎక్కముల పుస్తకము క్రింద దాచితిని. ఇంటికి తీసికొనిపోవుటకును ధైర్యము లేదు, పారవేయుటకును మనసొప్పదు. మూడవనాటికి సంచినిండ చీమలు పట్టినవి. బడి వెనుక కానుగచెట్టు క్రింద సంచి దులుపుకొని లోపలికి వచ్చి కూర్చుండగా, వాడు బలపము కొరుకుచు నావైపు తిరిగెను.

“మా యమ్మ చేసిన ఉండ బాగుండిందా?”

“బాగుండింది” అంటిని.