బండిలో నాదపేటిక
(ప్రసంగపాఠం)

బెజవాడ నుంచి హైదరాబాదు పోయే రాజమార్గంమీద నందిగామ దాటి, జగ్గయ్యపేట పొలిమేర చేరేసరికి రాత్రి పదకొండు గంటలైనదనుకోండి. ఆ వేళ ప్రయాణికునికి రెండు శబ్దాలు తప్పక వినబడతాయి. ఒకటి లారీల రొద. రెండవది ఆ లారీలలో మోగే పాట. పాట అనడం కూడా పొరపాటేమో! దాటిపోయే బండిలోని పల్లవి మన చెవికి అందదు. గుండెమీద తట్టినట్లుండే మంద్రధ్వని మాత్రమే అందుతుంది. పలుచని రేకు, అద్దము హెచ్చుస్వరాలను ఆపినంతగా మంద్రాన్ని ఆపలేవు. అందుచేత గాయకుని గొంతు లోపలే ఉండిపోగా, మద్దెల మోత వీధిన పడుతుంది. నలుగురు కూర్చుంటే నిండిపోయే ఆ చిన్న గదిలో అంత మంద్రం ఎట్లా పుట్టినది?

జగ్గయ్యపేట చరిత్ర అనగానే ధనంబోడు స్ఫురిస్తుంది. అక్కడి బౌద్ధస్తూపాన్ని 1882లో బర్జెస్ పండితుడు పరిశోధించినాడు. అందలి శిల్పఫలకాలు చెన్నపట్టణపు మ్యూజియం చేరినవి. రాతికి ఆ భాగ్యమున్నది. శబ్దానికి శిథిలాలు ఉండవు. దాని చరిత్ర తెలుసుకోగోరేవారు దానిని పలికించిన పెట్టెలను పరిశీలించవలసినదే.

1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు, కాగితపు శంకువును తీగచుట్టతో కదిలించి పలికించే స్పీకరును గూర్చి ఒక పత్రం ప్రకటించినారు. నేటి మన స్పీకర్లన్నీ ఇంచుమించు ఆ వంశంలోనివే. అయితే ఈ శంకువుకు ఒక లోపమున్నది. అది ముందుకు గాలిని నెట్టేటప్పుడే వెనుక గాలిని లాగుతుంది. సెకనుకు 40 కంపనాలుగల మంద్రస్వరపు తరంగం పొడవు సుమారు 28 అడుగులు. అంత పొడుగు తరంగానికి అడుగు వెడల్పు స్పీకరు ఒక అడ్డమా? వెనుక తరంగం అంచు చుట్టి ముందుకు వచ్చి, ముందుదానిని చంపివేస్తుంది. ఆ రెంటినీ కలవనీయకుండా విడదీయడానికే పెట్టె కావలసివచ్చినది.

ఇక్కడ మనవారు తరచుగా పడే భ్రమ ఒకటి చెప్పాలి. నూజివీడు వీణెకు పనసకర్ర కుండ ఉన్నట్లు స్పీకరుకు పెట్టె ఉన్నదని, కర్ర పలికితేనే నాదం బాగుంటుందని అనుకుంటారు. వీణకుండ పలకడానికే పుట్టినది. స్పీకరుపెట్టె పలకకూడదు. గోడ అదిరితే పాటలో లేని స్వరం పాటలో చేరుతుంది. కనుకనే దిట్టమైన ప్లైవుడ్డు, లోపల అడ్డుబద్దలు, సందు లేకుండా జిగురు.

తొలినాళ్ళ మూతపెట్టెలు బీరువాలంతేసి. 1932లో పేటెంటు పొందిన అమెరికా శాస్త్రజ్ఞుడు థురాస్ పెట్టెకు ఒక గొట్టం అమర్చి, వృథా అయ్యే వెనుక ధ్వనిని కూడా పనిలోకి తెచ్చినాడు. ఖాళీ కూజా మూతిమీదుగా ఊదినప్పుడు ‘బూ’ మని పలికేది ఈ సూత్రంవల్లనే. 1954లో ఎడ్గార్ విల్చర్ వేరొక దారి తొక్కినాడు. చిన్న పెట్టెలో గాలి బిగిసి స్పీకరును అడ్డగిస్తున్నదని అందరూ వాపోతుండగా, ఆయన స్పీకరు బిగువునే సడలించి, ఆ గాలినే స్ప్రింగుగా వాడుకొన్నాడు. పుస్తకాల బీరువాలో ఇమిడే పెట్టెకు గంభీరమైన గొంతు వచ్చినది అప్పుడే. అయితే ఊరక రాలేదు. దానికి ఎక్కువ విద్యుచ్ఛక్తి గల ఆంప్లిఫయరు అవసరమైనది. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ శక్తితో పెద్ద ధ్వని, ఈ మూడింటిలో రెండే దక్కుతాయనే సూత్రం ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్మన్ కుమారుని పేర వెలసినది. 1961లో ఆస్ట్రేలియాలో థీల్, పిదప 1972-73లో స్మాల్ ఈ బేరాన్ని లెక్కలలోకి దించినారు.

ఆ బేరం కళ్ళారా చూచినది నేను నందిగామ శివారున, ఒక వడ్రంగి పాకలో. ఒక పాత లారీ డ్రైవరు సీటు వెనుకనున్న పడకమీద పెట్టె కట్టించదలచినాడు. వడ్రంగి టేపు సాచినాడు. క్లీనరు కుర్రవాడు కాసేపు చూచి, ‘‘అన్నా, మరి నేనెక్కడ పడుకోవాలి?’’ అన్నాడు. ఎవరూ బదులు చెప్పలేదు గాని, వడ్రంగి మాట్లాడకుండా వంగి సీటు కింద కొలిచినాడు. పొడవు 18 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 8.

గుణిస్తే సరిగా ఒక ఘనపుటడుగు. కాని ముప్పాతిక అంగుళం పలకతో కడితే లోపల మిగిలేది అందులో 65 పాళ్ళు, అనగా పద్దెనిమిదిన్నర లీటర్లు మాత్రమే. మూడవ వంతుకు పైగా కర్రే తిన్నది! అందులో స్పీకరు అయస్కాంతం మళ్ళీ కొంత ఆక్రమిస్తుంది. సహజంగా 30 కంపనాల వద్ద ఊగే స్పీకరుకు, దాని బిగువుతో సమానమైన బిగువు పెట్టెలోని గాలి కూడా చేరిస్తే ఆ సంఖ్య 42 అవుతుంది. మూడింతల బిగువు చేరిస్తే 60. గొట్టం పెట్టుదామా అంటే, అదే పెట్టెను సగం కంపనాలకు దించడానికి గొట్టం నాలుగింతలు పొడవు కావాలి. ఆ గొట్టానికి సీటు కింద చోటేదీ?

ఇంత ఇరుకులోనూ బండి ఒక మేలు చేస్తుంది. మూడు మీటర్ల పొడవుగల మూసిన గదిలో 57 కంపనాల దిగువ తరంగంలో సగం కూడా పట్టదు. అప్పుడు గదిలోని గాలి అంతా ఒక్కుమ్మడిగా నొక్కబడి, మంద్రం క్రమంగా బలపడుతుంది. మూతపెట్టె పోగొట్టుకొన్నదానిని గది చాలవరకు తిరిగి ఇస్తుంది. ఇది లోపల వినేవారికే సుమా! 1982లో నందమూరి తారకరామారావుగారి చైతన్యరథం వలె బయటి జనానికి వినిపించే బండికి ఈ సదుపాయం లేదు. ఆరుబయట తక్కువ శక్తితో దూరం వినిపించాలంటే బూరలే శరణ్యం. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో మైకుల బూరలు విన్నవారికి అందులో మాట ఎంత తేటగా వచ్చేదో, మద్దెల ఎంత పీలగా వచ్చేదో జ్ఞాపకముండే ఉంటుంది.

పెట్టె సీటు కిందనే అమరినది. బ్రేకు పడినప్పుడు ముందుకు దూసుకురాకుండా నేలకు బోల్టులతో బిగించమని నేను చెప్పబోయే లోపలే వడ్రంగి బిగించినాడు. అద్దాలు ఎత్తి పాట పెట్టినారు. మద్దెల నిండుగా పలికినది. వెనుక మరొక లారీ హారను కొట్టినది మాకెవరికీ వినబడలేదు, పాక వాకిట నిలుచున్న కుర్రవాడే చేతితో సైగ చేసి చెప్పినాడు. అద్దాలు దింపగానే హారనూ వినబడినది, మద్దెలా పలుచబడినది.

‘‘ఈ ఎండల్లో అద్దాలెత్తి లారీ తోలేదెవరండీ?’’ అని డ్రైవరు నవ్వినాడు. కుర్రవాడు అప్పటికే పడక ఎక్కి దుప్పటి పరుచుకొంటున్నాడు.