నవాబుగారి దుర్భిణి, మన పెన్షను లెక్క

పదవీ విరమణ తర్వాత మన సభ్యులలో చాలామంది ఏదో ఒక వ్యాపకం పెట్టుకున్నారు. కొందరు హోమియో పుస్తకాలు తిరగేస్తున్నారు, కొందరు భజన మండలులలో చేరారు, నలుగురైదుగురు కెమేరాలు చేతబట్టారు. మా బౌద్ధనగర్ నుంచి రైలు పట్టాలు దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమే. తార్నాక వైపు నుంచి వచ్చేవారికీ అది దగ్గరే. ఉదయపు నడకకు వెళ్లినవారికి నెమళ్లు, చిలకలు, కొంగలు కనిపిస్తూనే ఉంటాయి. తీరా ఫొటో తీసి చూస్తే నెమలి ఆవగింజంత ఉంటుంది. అక్కడ మొదలవుతుంది సందేహం. గ్రాట్యుటీ డబ్బులో లక్షో, రెండు లక్షలో తీసి పెద్ద టెలిఫోటో లెన్సు కొనుక్కోవచ్చా, లేక అది ఈ వయసులో దుబారా అవుతుందా?

ఈ ప్రశ్న నన్ను ముగ్గురు సభ్యులు వేర్వేరుగా అడిగారు. నేను ఉద్యోగకాలమంతా జమాఖర్చులు చూసినవాణ్ణి, ఫొటోగ్రఫీలో పండితుణ్ణి కాను. అయితే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా పట్టుకోవాలనే ఈ కోరికకు మన హైదరాబాదులోనే నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తిరగేస్తే జవాబు దొరుకుతుందని నా నమ్మకం. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు ఇదే రాయాలనుకున్నాను.

ముందు ఈ లెన్సులకు అంత ధర ఎందుకో చూద్దాం. సూర్యచంద్రుల బింబం ఫిలిం మీద ఎంత పడుతుందో తెలుసుకోవాలంటే లెన్సు నాభ్యంతరాన్ని 110తో భాగిస్తే చాలు. మామూలు 50 మి.మీ. లెన్సుతో తీస్తే చంద్రుడు అర మిల్లీమీటరు కూడా ఉండడు. 500 మి.మీ. అయితే నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంటాడు. పూర్వం నాభ్యంతరం ఎంత ఉంటే గొట్టమూ దాదాపు అంత పొడుగు ఉండాల్సి వచ్చేది. ముందు కుంభాకార కటకాలు, వెనుక పుటాకార కటకాలు అమర్చి గొట్టాన్ని పొట్టి చేయవచ్చని 1891లో లండన్‌లో డాల్మేయర్, మ్యూనిక్‌లో స్టైన్‌హైల్, బెర్లిన్‌లో మీథే ఎవరికి వారుగా చూపించారు. టెలిఫోటో లెన్సు పుట్టుక అదే.

ధర పెంచేది దూరం ఒక్కటే కాదు, వెలుతురు కూడా. 300 మి.మీ. లెన్సు ఎఫ్ 5.6 రకమైతే దాని ముందు అద్దం సుమారు 54 మి.మీ. వ్యాసం ఉంటే చాలు. అదే ఎఫ్ 2.8 కావాలంటే 107 మి.మీ. ఉండాలి. వ్యాసం రెట్టింపు, వైశాల్యం నాలుగు రెట్లు, గాజు బరువు అంతకంటే ఎక్కువ. పైగా పొడుగు లెన్సులలో బొమ్మ అంచుల వెంట రంగుల చారలు వస్తాయి. వాటిని అణచడానికి ఫ్లోరైట్ స్ఫటికాలనో, ప్రత్యేకమైన గాజునో వాడాలి. కెనాన్ కంపెనీ 1969లోనే ఫ్లోరైట్‌తో 300 మి.మీ. లెన్సు తెచ్చింది. మనం ఇచ్చే డబ్బులో పెద్ద భాగం ఈ వెలుతురుకూ, ఈ శుభ్రతకూ పోతుంది. తెల్లవారుజామున చెట్ల నీడలో పిట్టను తీసేవారికి అది పనికొస్తుంది. ఎనిమిది గంటల ఎండలో నెమలిని తీసేవారికి అంత వెలుతురు పట్టే లెన్సు అవసరం లేదు.

ఇక మన ఊరి సంగతికి వస్తాను. హైదరాబాదు ఫొటోగ్రఫీ అనగానే గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు, రూర్కీలో ఇంజనీరింగ్ చదివారు, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం చేశారు. అంటే ఆయన కూడా మనలాంటి ప్రభుత్వోద్యోగే. కెమేరా ఆయనకు మొదట వ్యాపకం. ఉద్యోగంలో ఉండగానే మధ్య భారతంలోని కట్టడాలను ఫొటోలు తీశారు. ఆ పనికి పేరూ, గిరాకీ వచ్చాకనే ఉద్యోగం వదిలి పూర్తికాలం వృత్తిలోకి దిగారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరి సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొంది 1905లో కన్నుమూశారు. ఆయన జీవితంలో మనం గమనించవలసింది క్రమం. పని పెరిగింది, దాని వెనక సరంజామా పెరిగింది.

దీనికి ఎదురుగా పెట్టి చూడవలసిన కథ నవాబ్ జఫర్ జంగ్ బహదూర్‌ది. ఆయన నిజాం సంస్థానంలో పెద్ద హోదాలో ఉన్న ప్రభువు, ఆకాశం మీద మోజున్న మనిషి. సొంత డబ్బు పెట్టి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పారు. దానికి నిజాం పేరు పెట్టుకోవడానికి అనుమతి తీసుకున్నారు. అదే నిజామియా వేధశాల. అప్పట్లో ఒక వ్యక్తి వ్యాపకం కోసం ఇంత పెద్ద కటకం కొనడం ఎంత ఖర్చో ఊహించుకోవచ్చు. నేటి భాషలో చెప్పాలంటే హైదరాబాదులో అతి ఖరీదైన టెలిఫోటో లెన్సు కొన్న తొలి ఔత్సాహికుడు ఆయనే అనవచ్చు.

ఆ పెద్ద కటకం వెంటనే పని చేసిందా? లేదు. నవాబుగారు 1907లో పోయారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది, తర్వాత బేగంపేటకు మార్చింది. 15 అంగుళాల దూరదర్శిని అక్కడ ప్రతిష్ఠ అయ్యి క్రమంగా పరిశీలనలకు ఉపయోగపడింది 1922లో, టి. పి. భాస్కరన్ సంచాలకుడిగా ఉన్న కాలంలో. కొన్న తర్వాత ఇరవై ఏళ్లకు పైగా గడిచాయన్నమాట. కొన్నవారు దాని పనితనం చూడనే లేదు.

ఈలోగా అదే వేధశాలలో ఒక చిన్న సాధనం గొప్ప పని మొదలుపెట్టింది. అది 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్, అంటే ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటో తీసే సాధనం. 1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని పలు దేశాల వేధశాలలు పంచుకున్నాయి. దక్షిణ ఆకాశంలో చిలీలోని శాంటియాగోకు కేటాయించిన ఒక పట్టీ పని ముందుకు సాగకపోతే దాన్ని హైదరాబాదు తీసుకుంది. మొదట చాట్‌వుడ్, తర్వాత పోకాక్, ఆపైన భాస్కరన్ సంచాలకులుగా ఈ పనిని నడిపారు. రాత్రి పలక తీయడం, పగలు చుక్కచుక్కకూ స్థానం కొలవడం, పుస్తకంలో ఎక్కించడం ఏళ్ల తరబడి సాగింది. లక్షల నక్షత్రాలతో పన్నెండు సంపుటాలు వచ్చాయి. ఇలాంటి పనిలో గుమాస్తాల ఓపిక ఎంత ఉండి ఉంటుందో ఆఫీసుల్లో లెడ్జర్లు రాసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఫలం ఎక్కడిదాకా వచ్చిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1989లో యూరప్ వారు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను చాలా సూక్ష్మంగా కొలిచింది. ఒక నక్షత్రం ఎంత జరిగిందో తెలియాలంటే వెనకటి స్థానం కూడా కావాలి కదా. 2000 సంవత్సరంలో వెలువడిన టైకో-2 పట్టికకు ఆ పాత పలకల కొలతలే వెనకటి ఆధారం అయ్యాయి. 25 లక్షల నక్షత్రాల ఆ పట్టికలో మన బేగంపేట గుమాస్తాల కష్టం కూడా కలిసి ఉంది. ఎనిమిది అంగుళాల కటకానికి పెట్టిన డబ్బు ఎనభై ఏళ్ల తర్వాత కూడా వడ్డీ ఇచ్చింది.

పెద్ద దూరదర్శిని వృథా పోయిందని నా ఉద్దేశం కాదు. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. అక్కడ సహాయకుడిగా పని చేసిన ఒకాయన కుమారుడు ఆ దూరదర్శినుల మధ్యే పెరిగాడు, నిజాం కళాశాలలో చదివాడు, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో హార్వర్డ్‌కు వెళ్లాడు. 1949లో తాను తీసిన ఫొటో పలకలో ఒక కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. ఆయనే వేణు బప్పు. తర్వాత కావలూరు వేధశాలను నిర్మించినదీ ఆయనే. నవాబుగారి మోజు నలుగురికీ అందుబాటులోకి వచ్చాకే దానికి విలువ కట్టడం మొదలైందని నాకనిపిస్తుంది.

మన తరానికి స్వయంగా తెలిసిన ఉదాహరణ 1980 ఫిబ్రవరి 16, శనివారం నాటి సంపూర్ణ సూర్యగ్రహణం. విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల, 48 అంగుళాల దూరదర్శిని ఉన్నచోటు, సరిగ్గా సంపూర్ణ గ్రహణం దారిలో పడింది. దేశ విదేశాల శాస్త్రజ్ఞులు ఆ గ్రహణం కోసం తరలివచ్చారు. నగరంలో చాలామంది తలుపులు మూసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. మా ఆఫీసులో ఒకాయన మాత్రం స్నేహితుడి దగ్గర 300 మి.మీ. రష్యన్ లెన్సు అరువు తెచ్చుకుని, సెలవు పెట్టి, బస్సెక్కి గ్రహణం దారిలోని ఒక పల్లెకు వెళ్లాడు. ఫిలిం మీద సూర్యుడు మూడు మిల్లీమీటర్ల లోపే వచ్చాడు. కానీ చుట్టూ కిరీటంలా వెలిగే కాంతి మొత్తం ఆ చట్రంలో ఇమిడింది. అంతకు ఏడింతల ధర పెట్టి 2000 మి.మీ. లెన్సు తెచ్చినా సూర్యబింబమే 18 మి.మీ. ఆక్రమించేది, ఫిలిం ఎత్తు 24 మి.మీ.యే కనుక ఆ కిరీటం తెగిపోయేది. పొడుగు ఎక్కువైతే లాభం ఎక్కువ అనుకోవడానికి లేదని ఆ ఫొటో చూసినప్పుడు మాకు తెలిసింది.

ఆ రోజుల్లో అరువు తెచ్చుకోవడమే గతి. విదేశీ కెమేరాల మీద సుంకాలు విపరీతంగా ఉండేవి. మనకు అందేవి ఆగ్ఫా క్లిక్ త్రీ పెట్టె కెమేరాలు, ఊటీలో తయారైన ఇందు ఫిలిం, అదృష్టవంతులకు రష్యన్ జెనిత్. 1991 సంస్కరణల తర్వాత దుకాణాలలో అన్నీ దొరకసాగాయి. ఇప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి వెళితే కావలసినన్ని రకాలు చూడవచ్చు. రకాలు పెరిగాయి కాబట్టి లెక్క వేసుకోవలసిన బాధ్యత కూడా మన మీద పడింది.

ఆ లెక్క ఇలా వేద్దాం. ఉదాహరణకు ఒక లెన్సు ధర 1,20,000 రూపాయలు అనుకుందాం. ఐదేళ్ల తర్వాత అమ్మితే సగం వస్తుందనుకుందాం. తరుగుదల 60,000. నెలకు రెండుసార్లు బయటికి తీస్తే ఐదేళ్లలో 120 సార్లు. ఒక్కొక్క సారికి 500 రూపాయలు పడుతుంది, డిపాజిట్టు మీద పోయే వడ్డీ దీనికి అదనం. కుటుంబంతో సినిమాకు వెళ్లి వచ్చినా అంత అవుతుంది. కాబట్టి అలాంటివారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ముప్పై ఏళ్లు పిల్లల ఫీజులకూ, పెళ్లిళ్లకూ దాచినవారు తమ కోసం ఒక్క వస్తువు కొనుక్కుంటే దుబారా అనే హక్కు ఎవరికీ లేదు. ఏడాదికి నాలుగుసార్లే తీసేవారికి ఐదేళ్లలో ఇరవై సార్లు, సారికి 3,000. అలాంటివారు అద్దెకు తెచ్చుకోవడం మేలు. మధ్యస్థంగా ఉన్నవారికి ఎఫ్ 5.6, ఎఫ్ 6.3 రకం జూమ్ లెన్సులు, పాతవి పరీక్షించి తీసుకుంటే, చాలా వరకు సరిపోతాయి. నేటి డిజిటల్ కెమేరాలు తక్కువ వెలుతురులో కూడా బాగా తీస్తాయి కనుక పెద్ద అద్దం అవసరం పూర్వమంత లేదు. బరువు సంగతీ మరవకూడదు. మూడు కిలోల లెన్సును మోకాళ్ల నొప్పులున్నవారు ప్రాంగణం చివరిదాకా మోయలేరు. మోయలేని లెన్సు బీరువాలో ఉంటుంది.

బీరువాలో ఉన్న లెన్సుకు ఏమవుతుందో కూడా చెప్పాలి. మన వానాకాలపు చెమ్మకు అద్దం మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. నాకు తెలిసిన ఒక పెద్దమనిషి పోయిన మూడేళ్లకు ఆయన సంచీ తెరిచి చూస్తే లోపల అద్దాలన్నీ బూజు పట్టి ఉన్నాయి. దాని ఖరీదెంతో ఆయన భార్యకు తెలియదు, పిల్లలకు దాని పేరు కూడా తెలియదు. ఆ ఇంట్లో అది ఒక బరువైన గొట్టంగానే మిగిలింది. బ్యాంకు ఖాతాకు నామినీ రాసినట్టే ఇలాంటి వస్తువు ఎవరికి చెందాలో, ఎంతకు అమ్మవచ్చో ఒక కాగితం మీద రాసి పెట్టడం ఎంతో అవసరం.

ఈ చరిత్రంతా చూశాక నాకు తోచిన సూచన ఒకటి సభ్యుల ముందుంచుతున్నాను. మన సంఘంలో కెమేరాలు ఉన్నవారు ఎనిమిది, పది మంది కలిసి ఒక మంచి టెలిఫోటో లెన్సు ఉమ్మడిగా కొంటే తలా పదిహేను వేల లోపు పడుతుంది. కెమేరాలు వేర్వేరు కంపెనీలవి అయితే లెన్సు అమరదు కాబట్టి ముందు ఒకే రకం మౌంటు ఉన్నవారు జట్టు కట్టాలి. లైబ్రరీ పుస్తకానికి పెట్టినట్టే ఒక రిజిస్టరు పెట్టుకుందాం. ఎవరు ఏ తేదీన తీసుకున్నారు, ఏ స్థితిలో తిరిగి ఇచ్చారు అని సంతకాలు పెట్టించుకుందాం. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి ఉంచుదాం, నెలకోసారి వాటిని మారుద్దాం. తీసిన ఫొటోల వెనక తేదీ, స్థలం, పిట్ట పేరు తప్పకుండా రాద్దాం. ఈ చివరిది ఖర్చు లేని పని, కానీ బేగంపేట పలకలకు ఎనభై ఏళ్ల తర్వాత విలువ తెచ్చింది ఆ రాతలే. ఈ ప్రాంగణంలో ఏ నెలలో ఏ పక్షి కనిపించిందో పదేళ్లపాటు మనం నమోదు చేసి ఉంచితే అది రేపటి విద్యార్థులకు పనికివస్తుంది.

ఆసక్తి ఉన్న సభ్యులు వచ్చే సర్వసభ్య సమావేశంలో తమ కెమేరా పేరు, మౌంటు రకం రాసి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. రిజిస్టరు రాసే పని నాకు అలవాటే కనుక దాన్ని నేను చూసుకుంటాను.