ఆఖరి ఖానా: సీ భాషలో ఒక పాత జుగాడ్ తారీఖ్

తారీఖ్ అనగానే మనకు కోటలు, నవాబులు గుర్తొస్తారు. ఈసారి నేను చెప్పే తారీఖ్ మీ జేబులో ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లైనక్స్ కెర్నల్. అందులో దాదాపు అంతా సీ భాషలో రాసిన కోడే. కెమెరాకి, వైఫైకి, బ్లూటూత్‌కి ఒక్కో డ్రైవర్ ఉంటుంది. ఇలాంటి కోడ్ రాసే పిల్లలు మన ఖాందాన్లలోనూ ఉన్నారు. వాళ్లకి ఇది రోజువారీ పని, మిగతా మనకు ఫోన్‌లోని ఫోటోల, బ్యాంకు ఖాతాల హిఫాజత్.

మసలా ఏమిటంటే, సీ భాషలో స్ట్రక్ట్ అనేది ఖానాలున్న పెట్టె. ఏ ఖానా ఎంత పెద్దదో ముందే ఖరారు కావాలి. కానీ వైఫై డ్రైవర్‌కి "ఈ ఛానెళ్లు వెతుకు" అని జాబితా ఇవ్వాలంటే ఒకసారి 3 ఉంటాయి, ఒకసారి 30. మెహమాన్లు ఎందరో తెలియకుండా దస్తర్‌ఖాన్ ఎంత పరవాలి?

పాత జమానా కారీగర్లు ఒక జుగాడ్ కనిపెట్టారు. పెట్టెలో ఆఖరి ఖానాగా ఒకే ఒక్క వస్తువు పట్టే అరే పెట్టేవారు, అంటే [1]. మెమరీ అడిగేటప్పుడు మాత్రం ఎక్కువ అడిగి, ఆ ఖానా దాటి అవతలికి రాసుకునేవారు. సీ భాషను తయారు చేసిన డెనిస్ రిచీకే ఇది నచ్చలేదు. కంపైలర్‌తో అనవసరమైన చనువు తీసుకోవడం అన్నట్టు మాట్లాడారాయన. అయినా పని జరిగిపోతుంటే ఆదత్ ఎవరు మానుతారు? తర్వాత జీసీసీ కంపైలర్ [0] రాయనిచ్చింది. చివరికి 1999లో సీ99 స్టాండర్డ్ ఖాళీ బ్రాకెట్లు [] పెట్టి దీన్ని పక్కా ఖాయిదా చేసింది. అదే ఫ్లెక్సిబుల్ అరే.

ఖాయిదా వచ్చాక కూడా కెర్నల్‌లో [1], [0] ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయాయి. నా ఖయాల్‌లో అసలు కిస్సా ఇక్కడే మొదలవుతుంది.

[0] ఖామోష్‌గా మోసం చేస్తుంది. దాని సైజు అడిగితే కంపైలర్ తొణక్కుండా సున్నా అంటుంది. అదే [] సైజు అడిగితే ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆపుతుంది. [1]ది వేరే బారీకీ. మొదట 8 బైట్ల హెడర్, తర్వాత ఒక్కోటి 4 బైట్ల వస్తువులు అనుకోండి. [1] ఉంటే పెట్టె సైజు 12. ఐదు వస్తువులు కావాలంటే పాత కోడ్ 12కి నాలుగు నాలుగులు కలిపి 28 అడుగుతుంది. ఎవరో మంచి మనసుతో [1]ని []గా మార్చి, ఈ హిసాబ్ మార్చడం మరిచారనుకుందాం. పెట్టె సైజు 8 అయిపోతుంది, అడిగేది 24, కావలసింది 28. ఇంకో తమాషా ఏమిటంటే, కెర్నల్‌లో మెమరీ ఇచ్చే కేమల్లాక్ రెండింటికీ మామూలుగా 32 బైట్ల డబ్బానే ఇస్తుంది. కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి దాక్కోగలదు. అందుకే ఒక్క అంకె చెరిపే ప్యాచ్‌కి కూడా ఆ స్ట్రక్ట్ వాడిన ప్రతి చోటూ వెతకాలి. యూజర్ ప్రోగ్రాములతో పంచుకునే స్ట్రక్ట్ అయితే సైజు మార్చే హక్కే లేదు. పాత సైజును యూనియన్‌లో అలాగే ఉంచి, పక్కన కొత్త అరే పెట్టాలి.

2015లో కీస్ కుక్ కెర్నల్ సెల్ఫ్ ప్రొటెక్షన్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. అందులో గుస్తావో సిల్వా ఈ అరేల వెంట పడి, ఏళ్ల తరబడి డ్రైవర్ తర్వాత డ్రైవర్ మార్చుకుంటూ పోయారు. పేరు తెచ్చే పని కాదు, బోలెడు మెహనత్.

2018లో 4.18 కెర్నల్‌కి స్ట్రక్ట్ సైజ్ అనే మాక్రో వచ్చింది. గుణకారం చేత్తో చేస్తే ఏమవుతుందో చూడండి. 32 బిట్ల లెక్కలో 16 బైట్ల వస్తువులు 268435457 కావాలంటే, లబ్ధం హద్దు దాటి చుట్టు తిరిగి 16 దగ్గర ఆగుతుంది. కోట్ల వస్తువులకి పదహారు బైట్లు! ఆ సంఖ్య బయటి నుంచి వచ్చిందైతే మరీ ఖతర్నాక్. ఇలా హద్దు దాటితే ఈ మాక్రో వీలైనంత పెద్ద అంకె ఇస్తుంది. అంత మెమరీ దొరకదు, అడిగిన చోటే పని ఆగిపోతుంది.

ఇంతకాలం కంపైలర్ ఏం చేసిందంటారా? చివర [1] ఉన్నా, [16] ఉన్నా "ఇది జుగాడేమో" అని లిహాజ్‌తో కళ్లు మూసుకుంది. నిజంగా 16 మాత్రమే పట్టే అరేకి కూడా హద్దు చూడలేదు. 2023లో 6.5 కెర్నల్ స్ట్రిక్ట్ ఫ్లెక్స్ అరేస్ అనే ఆప్షన్‌ని అంతటా ఆన్ చేసింది. అప్పటినుంచి [] ఒక్కటే ఫ్లెక్సిబుల్, మిగతావి రాసినంతే.

ఇక మిగిలింది [] లోపల ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న. సంఖ్య ఒక ఖానాలో, అరే ఇంకో ఖానాలో. రెండింటి రిష్తా ప్రోగ్రామర్ యాదిలో తప్ప ఎక్కడా రాసి లేదు. కౌంటెడ్ బై అనే గుర్తు దాన్ని రాతలో పెట్టింది. క్లాంగ్ 18, జీసీసీ 15 దీన్ని అర్థం చేసుకుంటాయి.

రాతలో పెట్టాక ఏమైందో వైఫై స్కాన్ స్ట్రక్ట్ చూపించింది. అందులో ఛానెళ్ల అరేకి ఈ గుర్తు తగిలించారు. కోడ్ మాత్రం పాత పద్ధతిలో ముందు ఛానెళ్లు నింపి, సంఖ్యను తర్వాత రాసేది. పైగా ఛానెళ్ల తర్వాత ఉండే నెట్‌వర్క్ పేర్ల చోటుని అరే చివరి ఖానా దాటి లెక్కించేది. మెమరీ సరిపడానే ఉంది, నుక్సాన్ జరగలేదు. కానీ కాపలా చెకర్‌కి కనిపించింది సున్నా సంఖ్య, నిండుతున్న అరే. వార్నింగులు మోగాయి. కసూర్ చెకర్‌ది కాదంటాను నేను. 2024లో ప్యాచులు వచ్చాయి. మెమరీ దొరకగానే ముందు సంఖ్య రాయాలి, ఆ తర్వాతే ఛానెళ్లు ముట్టాలి, పేర్ల చోటుని అరే నుంచి కాక పెట్టె మొదలు నుంచి కొలవాలి.